ప్రవరలో లేని పేర్లు

ఊళ్ళన్నీ శ్రీరామనవమి నాడు పట్టపగలు సీతారాముల పెళ్ళి చేస్తే, మా ఒంటిమిట్టలో మాత్రం ఇంకో నాలుగైదు రోజులు ఆగి, రాత్రిపూట నిండు వెన్నెల్లో చేస్తారు. ఆ రోజు మా ఇల్లు సత్రమే. మా అన్న కుటుంబం, చిన్నమ్మ కుటుంబం, అత్తగారి వైపు వాళ్ళు అందరూ దిగుతారు. పోయినసారి కూడా అట్లాగే వచ్చారు. జనంలో తోసుకుంటూ ఒక మూల చోటు సంపాదించి కూర్చున్నాం. మైకులో ప్రవర మొదలైంది. ఇటు వశిష్ఠ గోత్రం, అటు గౌతమ గోత్రం. వరుడు ఎవరి మునిమనవడు, ఎవరి మనవడు, ఎవరి కొడుకు. వధువు ఎవరి మునిమనవరాలు, ఎవరి మనవరాలు, ఎవరి కూతురు.

అప్పుడే మా వదిన నా చెవిలో అంది. "ఏం మే, వచ్చే ఏడు మన పిల్లోల్ల ప్రవర కూడా ఇట్లే చదివిద్దామా?"

నవ్వి ఊరుకున్నాను. మా పాపకు 22 నిండాయి. అన్న కొడుకు బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. మంచి పిల్లోడు, నా చేతిమీద పెరిగినోడు. అమ్మకైతే ఈ మాట పదేళ్ళ నుంచీ నోట్లోనే ఉంది. నాకూ ఇష్టం లేక కాదు. కానీ ఆ మాట వినగానే నా చూపు పక్కనే కూర్చున్న చిన్నమ్మ మీదకు పోయింది. ఆమె తన కొడుక్కి చేతి సైగలతో చెబుతోంది, ఇప్పుడు తాళి కడతారు చూడమని.

మా చిన్నమ్మను ఆమె సొంత మేనమామకే ఇచ్చారు. అంటే మా అవ్వ తమ్ముడికి. మా వైపు అది వింత కాదు, అక్క కూతుర్ని చేసుకోవడం హక్కు అనుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. 1985లో ఆడపిల్ల పుట్టింది. గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడేది కాదు. ఏడాది నిండాక గానీ తెలియలేదు, ఆ పిల్లకు వినిపించదని. ఇక మొదలు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కూరగాయలు తరిగిందని ఒకరు, ఏదో మొక్కు మరిచిందని ఒకరు. ఇంకా తోడుగా ఒక పెద్దావిడ ధైర్యం చెప్పింది. "మొదటి కాన్పుతో గండం తీరిపోయింది, రెండోది బాగుంటుంది లే" అని. 1988లో కొడుకు పుట్టాడు. వాడికీ వినిపించదు.

ఆ తర్వాత చిన్నమ్మను శుభకార్యాల్లో ముందు వరసలో నిలబెట్టడం మానేశారు. ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. సీమంతం గాజులు తొడిగేటప్పుడు మాత్రం ఆమెకు వంటింట్లో ఏదో ఒక పని పడేది. చిన్నాయనను ఎవరూ ఏ పనికీ పక్కన పెట్టలేదు.

మా అబ్బాయి పదో తరగతిలో ఉన్నప్పుడు జీవశాస్త్రం పుస్తకంలో "అనువంశికత" పాఠం చదివించాల్సి వచ్చింది. నేను చదివింది బీఏ తెలుగు. నన్నయ, తిక్కన అంటే చెబుతాను గానీ బఠాణీలంటే కూరే తెలుసు. వాడికి చెప్పడానికి నేను చదువుకున్నాను. చదువుతూ చదువుతూ చిన్నమ్మ దగ్గర ఆగిపోయాను. అప్పటినుంచి దొరికిందల్లా చదివాను. ఆ కథే ఈ రోజు మీకు చెప్పాలనుకుంటున్నాను.

గ్రెగర్ మెండెల్ అని ఒక క్రైస్తవ సన్యాసి. ఇప్పటి చెక్ దేశంలో బ్రున్ అనే ఊళ్ళో ఉండేవాడు. 1856 నుంచి 1863 దాకా మఠం పెరట్లో బఠాణీ మొక్కలు పెంచాడు. గుండ్రటి గింజల మొక్కను, ముడతల గింజల మొక్కను కలిపాడు. వచ్చిన పిల్ల మొక్కల్లో అన్నీ గుండ్రటి గింజలే. ముడతలు మాయం. అయిపోయిందనుకుంటే, ఆ పిల్ల మొక్కలనే మళ్ళీ పండిస్తే మనవల తరంలో 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు వచ్చాయి. అంటే మూడింటికి ఒకటి. పోయిందనుకున్న ముడత ఎక్కడికీ పోలేదు, లోపల దాక్కుని ఒక తరం దాటి బయటకొచ్చింది.

పైకి కనిపించే గుణాన్ని మన పాఠ్యపుస్తకం బహిర్గత లక్షణం అంటుంది, దాక్కునే దాన్ని అంతర్గత లక్షణం అంటుంది. మా అబ్బాయికి నేను చీటీలతో చెప్పాను. ప్రతి గుణానికీ మన దగ్గర రెండు చీటీలుంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకొకటి నాన్న ఇచ్చింది. మన బిడ్డకు ఆ రెండిట్లో ఏదో ఒకటే ఇస్తాం, ఏదో మన చేతిలో లేదు. బహిర్గతం చీటీ ఒక్కటున్నా చాలు, గుణం కనబడుతుంది. అంతర్గతం అట్లా కాదు, అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండూ అదే చీటీ వస్తే తప్ప బయటపడదు. బహిర్గతం అంటే గొప్పదనీ కాదు, ఎక్కువమందికి ఉంటుందనీ కాదు. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే వస్తుంది, అయినా ఊళ్ళో ఎంతమందికుంటుంది?

మా ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. నాది ఏ గ్రూపు రక్తం, మా ఆయనది బీ. అబ్బాయిది ఓ. ఆ కాగితం చూసి మా బంధువొకావిడ కనుబొమ్మలెగరేసింది. నేను చెప్పాను, ఓ అనేది దాక్కునే గుణం, నా దగ్గర ఒకటి, ఆయన దగ్గర ఒకటి దాక్కుని ఉన్నాయి, రెండూ వాడిలో కలిశాయి అని. కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులు కనిపెట్టింది 1901లో. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని కాపురాల్లో అనుమానాలు రేగాయో ఆలోచించండి.

మెండెల్ తన లెక్కలు 1865లో సభలో చదివాడు, 1866లో అచ్చు వేశాడు. పట్టించుకున్నవాళ్ళు లేరు. 1884లో ఆయన పోయాడు. 1900లో యూరపులో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎవరికి వారు అదే దారిలో నడిచి, ముప్పై నాలుగేళ్ళ కిందటే ఒకాయన చెప్పేశాడని తెలుసుకున్నారు.

అది మొక్కల సంగతి. మనుషులకు మొదట అన్వయించింది లండన్ డాక్టరు ఆర్చిబాల్డ్ గారడ్. కొందరు పసిబిడ్డల ఉచ్చ గాలి తగిలితే నల్లబడుతుంది, గుడ్డల మీద నల్లటి మరకలు పడతాయి. అల్కాప్టోన్యూరియా అంటారు. గారడ్ ఆ బిడ్డల ఇళ్ళకెళ్ళి అడిగితే, తల్లిదండ్రులకు ఏ జబ్బూ లేదు. కానీ చాలా ఇళ్ళల్లో ఆ భార్యాభర్తలు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ బిడ్డలు. దాక్కునే గుణం అయితేనే ఇట్లా జరుగుతుందని విలియం బేట్సన్ అనే శాస్త్రజ్ఞుడు సూచించాడు. 1902లో గారడ్ ఆ సంగతి ప్రచురించాడు. అంటే మనిషిలో అంతర్గత లక్షణం మొదటిసారి పట్టుబడింది దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలోనే.

ఎందుకో చీటీల లెక్కలో చూడండి. పాడైన చీటీలు ప్రతి మనిషి దగ్గరా కొన్ని ఉంటాయి. జతది బాగుంటుంది కాబట్టి మనకేమీ కాదు. బయటి సంబంధమైతే నా దగ్గరున్న పాడు చీటీ అతని దగ్గర కూడా ఉండే అవకాశం తక్కువ. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత, ఒకే అవ్వ. వాళ్ళ దగ్గరున్న ఒక్క చీటీ కొడుకు దారిలో ఒకరికి, కూతురి దారిలో ఒకరికి చేరుతుంది. మేనత్త మేనమామ బిడ్డల మధ్య సగటున ఎనిమిదో వంతు చీటీలు ఒక్కటే. మేనమామ, మేనకోడలి మధ్య నాలుగో వంతు.

చార్లెస్ డార్విన్ పేరు వినే ఉంటారు. 1839లో ఆయన పెళ్ళి చేసుకున్నది తన మేనమామ కూతురు ఎమ్మానే. పదిమంది బిడ్డలు పుడితే ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. ఆ పెళ్ళి వల్లనేమో అన్న దిగులు ఆయన్ని వదల్లేదు. ఇంగ్లండు జనాభా లెక్కల్లో దగ్గరి పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న చేర్చమని 1870లో ప్రయత్నించాడు, పార్లమెంటు ఒప్పుకోలేదు. మెండెల్ కాగితం అప్పటికే అచ్చయి ఉంది. డార్విన్‌కు అది అందలేదు.

ఇక మన సంగతి. మేనరికం నిన్నామొన్న పుట్టింది కాదు. రెండు వేల ఏళ్ళ నాటి బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివాళ్ళకే ఉన్న అయిదు అలవాట్లు చెబుతుంది. అందులో భార్యతో కలిసి భోంచేయడం ఒకటి, చద్ది తినడం ఒకటి, మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ పెళ్ళి చేసుకోవడం ఒకటి. చద్దన్నం, మేనరికం పక్కపక్కనే చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండూ మా ఇంట్లో ఉన్నాయి కదా!

యాజ్ఞవల్క్య స్మృతి దగ్గరి రక్తం వద్దంటూ తండ్రి వైపు ఏడు తరాలు, తల్లి వైపు అయిదు తరాలు లెక్కపెట్టమంది. 1955లో వచ్చిన హిందూ వివాహ చట్టం తండ్రి వైపు అయిదు, తల్లి వైపు మూడు అంది. ఆచారం ఉన్నచోట మేనరికం చెల్లుతుందని సడలింపు కూడా ఇచ్చింది. ఏ పుస్తకం చూసినా తల్లి వైపు లెక్క కురచే. గోత్రమైతే పూర్తిగా తండ్రిదే. మేనమామ గోత్రం వేరు కాబట్టి ప్రవర చదివితే ఎక్కడా అడ్డు రాదు. కానీ బఠాణీ గింజకు గోత్రం లేదు. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం. ప్రవరలో దశరథుడి పేరుంటుంది, కౌసల్య పేరుండదు. చీటీల్లో మాత్రం కౌసల్యది సరిగ్గా సగం.

మేనరికాన్ని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. మన అమ్మలు, అవ్వలు దాన్ని ఎందుకు పట్టుకున్నారో మనకు తెలుసు. వానలు లేని సీమలో ఉన్న నాలుగెకరాలు ముక్కలు కాకూడదు. కట్నం బరువు తగ్గాలి. అన్నిటికన్నా ముందు, పిల్ల వెళ్ళే ఇల్లు తెలిసిన ఇల్లు కావాలి. అత్త అంటే నాన్న తోడబుట్టినదే అయితే చెయ్యి ఎత్తడానికి కొంచెం వెనకాడుతుంది. ఆడపిల్లకు అదొక రక్షణ. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మంది రక్తసంబంధంలోనే పెళ్ళి చేసుకున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

మన మేనరికాలను శాస్త్రం కళ్ళతో చూసినవాళ్ళూ ఉన్నారు. జె.బి.ఎస్. హాల్డేన్ అని ప్రపంచం మెచ్చిన జన్యుశాస్త్రజ్ఞుడు 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు, తర్వాత భారత పౌరుడయ్యాడు. ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో మన పిఠాపురం అబ్బాయి ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఈయన, పి. మీరాఖాన్ కలిసి 1960ల మొదట్లో ఆంధ్రలో బంధువుల పెళ్ళిళ్ళు ఎంత ఎక్కువో, వాటి ఫలితాలేమిటో లెక్కగట్టి ప్రచురించారు. మన గడపల్లో మాట ప్రపంచ శాస్త్ర పత్రికలకు ఎక్కింది అట్లాగే. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

గోత్రం చూసుకున్నా అంతర్గత లక్షణం ఎట్లా నడుస్తుందో చెప్పడానికి తెలుగువాళ్ళలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఆపరేషన్ల ముందు కండరాలు వదులు కావడానికి స్కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒంట్లో లేనివాళ్ళకు గంటల తరబడి ఊపిరి తీసుకునే కండరాలు కదలవు, యంత్రంతో ఊపిరి ఇవ్వాలి. ఈ ఎంజైము లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. అందుకే మత్తు డాక్టర్లు ముందే అడిగి, అవసరమైతే వేరే మందు వాడతారు. వాళ్ళలో గోత్రాల పట్టింపు ఎంతో గట్టిది. అయినా ఎన్నో తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న చీటీ ఒకటి, కులంలోనే పెళ్ళిళ్ళు జరగడం వల్ల లోపల్లోపలే తిరుగుతూ ఉండిపోయింది. ఇది వాళ్ళ ఒక్కరి సంగతని అనుకోకండి. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్ళు కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఇట్లాంటి చరిత్రే చాలా గట్టిగా కనిపించింది. ఒక్కొక్కరి దాక్కున్న చీటీ వేరు, అంతే.

ఇప్పుడు మళ్ళీ మా ఇంటికొస్తాను. పుట్టు చెవుడు గ్రహణాల వల్ల రాదు. గర్భంలో ఇన్ఫెక్షన్లు, నెలలు నిండని కాన్పులు కొన్ని కారణాలు. జన్యువుల వల్ల వచ్చేదాంట్లో ఎక్కువ భాగం అంతర్గతమే. 1997లో కనెక్సిన్ 26 అనే జన్యువులో లోపం దీనికి కారణమని కనుక్కున్నారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే కారణాల్లో అదొకటి. చిన్నమ్మ బిడ్డలిద్దరికీ వచ్చింది కాబట్టి, మేనమామ పెళ్ళి కాబట్టి, అంతర్గతమే అయ్యుంటుందని మాకు డాక్టరమ్మ చెప్పారు. అట్లా అయితే ఇద్దరి దగ్గరా ఒక్కో చీటీ ఉన్నట్లు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకు వస్తే రెండో బిడ్డకు రాదన్నది పచ్చి అబద్ధం, ప్రతి కాన్పూ కొత్తగా తీసిన చీటీయే. ఆ పెద్దావిడ ఇచ్చిన ధైర్యం ఎంత ప్రేమతో అన్నదైనా తప్పు లెక్క.

ఆ చీటీ చిన్నమ్మకు మా అవ్వ నుంచి వచ్చి ఉంటే, అక్క అయిన మా అమ్మకు వచ్చే అవకాశం సగం. అమ్మ నుంచి నాకు సగం, అన్నకు సగం. మా నుంచి పిల్లలకు సగం సగం. ఒక రాత్రి క్యాలెండర్ వెనక రాసుకుని లెక్క కట్టాను. మా పాపకు, అన్న కొడుక్కి పెళ్ళి చేస్తే, పుట్టే ప్రతి బిడ్డకూ 128లో ఒకటి.

అన్నకు ఫోన్లో చెప్పాను. కాసేపు పలకలేదు.

"నూటిరవై ఎనిమిదికి ఒకటేనా పాపా? దానికోసం అమ్మ మాట కాదంటామా?"

"ఆ ఒకటీ చిన్నమ్మే అయింది కదన్నా" అన్నాను. "పైగా ఇది మనకు తెలిసిన చీటీ. తెలియనివి ఎన్నుండాయో. వద్దని చెప్పడం లేదు. తెలుసుకుని చేద్దాం అంటున్నా."

డాక్టర్లు చెప్పేది కూడా భయపెట్టేదేమీ కాదు. మామూలు పెళ్ళిళ్ళలో నూటికి మూడు నాలుగు కాన్పుల్లో బిడ్డకు ఏదో ఒక పుట్టు లోపం ఉంటుంది, మేనత్త మేనమామ బిడ్డల పెళ్ళిళ్ళలో అది ఇంకో రెండు మూడు పెరుగుతుంది. ఎక్కువమంది బిడ్డలు చక్కగానే పుడతారు. కానీ ఇంట్లో ఇప్పటికే ఒక గుణం కనిపించి ఉంటే సగటు లెక్కతో సరిపెట్టుకోకూడదు. ముందు గుణం ఉన్నవాళ్ళ రక్తం పరీక్ష చేసి ఏ జన్యువో పట్టుకోవాలి. ఆ తర్వాత పెళ్ళి కావాల్సిన ఇద్దరికీ అదే వెతకాలి. హైదరాబాదులో ఇట్లాంటి పరీక్షలు, సలహాలు దొరుకుతున్నాయి.

ఈ సంగతి చిన్నమ్మతో ఎట్లా చెప్పాలో తెలియక నెల రోజులు నానబెట్టాను. చివరికి పోయి కూర్చుని, బఠాణీల నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె చదివింది అయిదో తరగతి. కానీ చీటీల లెక్క నాకన్నా తొందరగా పట్టుకుంది.

"అంటే మీ చిన్నాయన దగ్గరా ఒకటి ఉన్నెట్లేనా?"

"ఉంటేనే వస్తుంది చిన్నమ్మా. నీ ఒక్కదాని వల్ల రాదు."

"గ్రహణం?"

"దానికీ దీనికీ సంబంధమే లేదు."

చాలాసేపు మాట్లాడలేదు. లోపల కొడుకు కంప్యూటరు ముందు పని చేసుకుంటున్నాడు, పెళ్ళి పత్రికలు డీటీపీ చేస్తాడు. కూతురు రాజంపేటలో కుట్టు మిషన్లు పెట్టి నలుగురికి పని ఇస్తోంది. పిల్లల వల్ల చిన్నమ్మకు ఏ కష్టమూ లేదు. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు కష్టం పెట్టింది మేము.

కొడుకును పిలిచి సైగలతో అడిగింది, రక్తం ఇస్తావా అని. వాడు వెంటనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ తర్వాత చిన్నమ్మ నన్ను ఒకే ఒక్కటి అడిగింది.

"ఆ వచ్చే కాగితంలో ఇద్దరిదీ ఉండాదని రాస్తారా మే? రాస్తే నాకొకటి ఇయ్యి. మీ చిన్నాయన ఫోటో కింద పెట్టుకుంటా."

రక్తం ఇచ్చాం, కాగితం ఇంకా రాలేదు. మా పాప "బావ మంచోడే, నాకు ఆలోచించుకోనివ్వండి" అంది. వదిన కొంచెం అలిగింది, మళ్ళీ మాట్లాడుతోంది. ఈ లోపల మీరొక పని చేయండి. ఒక తెల్లకాగితం తీసుకుని మీ అమ్మ, ఆమె అమ్మ, ఆమె తోడబుట్టినవాళ్ళు, వాళ్ళ బిడ్డలు, ఎవరికి ఏముంది, ఎవరు పసితనంలో పోయారు అన్నీ రాసి పెట్టండి. నేను అవ్వ వైపు రాస్తూ పోతే మూడో తరం దగ్గర ఆగిపోయాను. మా అవ్వ వాళ్ళ అమ్మ పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.